హెచ్‌ఆర్ పని బయటికివ్వాలా, సొంత మనిషిని పెట్టుకోవాలా: చిన్న కంపెనీలకు ఒక పోలిక

పది మందితో మొదలైన కంపెనీ ముప్పై మందికి వచ్చేసరికి యజమానికి కొత్తరకం టెన్షన్ పట్టుకుంటుంది. పీఎఫ్ చలానా 15వ తేదీలోగా కట్టారా లేదా? ఆఫర్ లెటర్ తీసుకున్న అమ్మాయి సోమవారం వస్తుందా రాదా? రెండు నెలలు తిరక్కుండానే మానేసిన అబ్బాయి చోటులోకి ఎవరిని తేవాలి? అప్పటిదాకా జీతాలు అకౌంటెంటు చూసేవారు, ఇంటర్వ్యూలు యజమానే చేసుకునేవారు. ఇక అలా నడవదు. కన్సల్టెన్సీకి అప్పజెప్పడం, థర్డ్ పార్టీ పేరోల్ (జీతం వేరే ఏజెన్సీ ఇచ్చే పద్ధతి) మీద మనుషుల్ని తీసుకోవడం, సొంత హెచ్‌ఆర్‌ని పెట్టుకోవడం, తెలిసినవాళ్ల ద్వారా వెతుక్కోవడం అని నాలుగు దారులు కనిపిస్తాయి. నాలుగింటికీ ఖర్చుంది.

ఏది మంచిదని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఒకటే. హెచ్‌ఆర్ పేరుతో మనం కలిపి చూసేవి మూడు వేర్వేరు పనులు. కాగితం పని ఒకటి: పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), జీతాల లెక్క, రిజిస్టర్లు. మనుషుల్ని వెతకడం రెండోది. వచ్చినవాళ్లు కుదురుకునేలా చూడటం మూడోది. మొదటిది నిశ్చింతగా బయటికివ్వచ్చు. రెండోది సగం ఇవ్వచ్చు. మూడోది మాత్రం ఎంత డబ్బు పెట్టినా బయటివాళ్ల చేతిలో పెట్టకూడదు. చాలా కంపెనీల్లో దీనికి తలకిందులుగా జరుగుతోంది. కాగితం పని కోసం నెలజీతం మీద మనిషిని పెట్టుకుంటారు, వెతకడానికి కన్సల్టెన్సీకి లక్షలు పోస్తారు, వచ్చినవాళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోరు. వాళ్లు వెళ్లిపోతే మళ్లీ కన్సల్టెన్సీకి ఫోన్.

కాగితం పని

లెక్క పది మంది దగ్గర మొదలవుతుంది. పది మంది ఉన్నారంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవాళ్లకు ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ము) కూడా పది నుంచే. 2013 నాటి చట్టం ప్రకారం, పనిచేసే చోట మహిళలపై జరిగే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ వేయాలి, అందులో బయటి సభ్యులు ఒకరు ఉండాలి. ఇరవైకి చేరితే పీఎఫ్: చెరో 12 శాతం, 2014 సెప్టెంబర్‌లో 15,000గా పెట్టిన జీతం పరిమితి మీద. ముప్పైకి చేరితే అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిన బాధ్యత, యాభై దగ్గర పిల్లల సంరక్షణ గది. ప్రొఫెషనల్ ట్యాక్స్ ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఒకేలా ఉంది. నెలకు 15,000 దాకా ఏమీ లేదు, 20,000 దాకా 150, ఆపైన 200.

దీని మీద 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. చిన్న కంపెనీకి నేరుగా తగిలే మార్పులు ఇవి. ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చి తీరాలి. మానేసినవాళ్లకు రావలసిన జీతం రెండు పనిదినాల్లో తేల్చేయాలి. ‘ఫుల్ అండ్ ఫైనల్ నలభై ఐదు రోజులకు’ అనే పాత అలవాటు ఇక చెల్లదు. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేరా జీతం లెక్కలోకే వస్తుంది, కాబట్టి బేసిక్ తక్కువ చూపించి మిగతాదంతా స్పెషల్ అలవెన్సు కింద రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంతకాలమని ముందే రాసుకుని, తీసుకున్నవాళ్లకు ఐదేళ్లు నిండనక్కరలేదు, ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది.

ఇవన్నీ చదివి గుండె బేజారెత్తనవసరం లేదు. రోజూ ఇదే పని చేసేవాళ్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కావలసినంత మంది ఉన్నారు. నలభై మంది లోపు కంపెనీ అయితే ఒక కంప్లయన్స్ కన్సల్టెంటు (చట్టం అడిగే కాగితాలు చూసేవారు), ఒక పేరోల్ సాఫ్ట్‌వేర్ చాలు. ఇంత పనికి పూర్తికాలం మనిషి అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్లలో కేకా, డార్విన్‌బాక్స్ హైదరాబాద్‌లో పుట్టినవే. డార్విన్‌బాక్స్ పెద్ద సంస్థల కోసం కట్టిన సరుకు, ముప్పై మందికి అంత అవసరం ఉండదు. గ్రేట్‌హెచ్‌ఆర్, జోహో పేరోల్ కూడా చూడండి. ఏది కొన్నా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మనం మానేస్తే పాత జీతాల లెక్కలన్నీ ఫైళ్లుగా చేతికిస్తారా, లేదా?

కన్సల్టెంటుతో ఒక్క జాగ్రత్త ఎప్పటికీ మరవకండి. పీఎఫ్, ఈఎస్‌ఐ పోర్టళ్లలో రిజిస్టరైన ఫోన్ నంబరు, ఈమెయిలు మీ కంపెనీవే అయ్యుండాలి. ‘మీకెందుకండీ శ్రమ, మా నంబరు పెట్టుకుంటాం’ అని కన్సల్టెంటు ప్రేమగానే అంటారు. తర్వాత ఆయనతో పొసగకపోతే సొంత ఖాతాలోకి వెళ్లడానికి మీరు ఆఫీసుల చుట్టూ తిరగాలి. డబ్బు ఆయన ఖాతాకు పంపి ‘మీరే కట్టేయండి’ అనడం అంతకంటే పెద్ద తప్పు. చలానా ఆయన తయారుచేస్తారు, డబ్బు మీ బ్యాంకు నుంచే పోవాలి, రసీదు ఆ నెలలోనే మీ ఫైల్లోకి రావాలి.

మనుషుల్ని వెతికే పని: కన్సల్టెన్సీ లెక్కలు

రిక్రూట్‌మెంట్ కన్సల్టెన్సీలు సాధారణంగా అడిగేది ఏడాది సీటీసీలో (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చులో) 8.33 శాతం. అంటే ఒక నెల జీతం. సీనియర్ పోస్టులకు, దొరకని నైపుణ్యాలకు అది 12 నుంచి 20 శాతం దాకా పోతుంది. ఏడాదికి 6 లక్షల జీతం ఉన్న ఉద్యోగమే తీసుకుంటే ఫీజు దాదాపు 50,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 9,000, మొత్తం 59,000. ఏడాదికి పన్నెండు మందిని అలా తీసుకుంటే ఏడు లక్షల పైచిలుకు. నెలకు 35,000 జీతంతో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌ని పెట్టుకుంటే ఏడాదికి 4,20,000, దాని పైన జాబ్ పోర్టల్ చందా. ఈ లెక్క ఎవరికివారు తమ అంకెలతో వేసుకోవాలి. నా అంచనాలో ఏడాదికి ఐదారు నియామకాల లోపు ఉంటే కన్సల్టెన్సీ చవక, పది దాటితే సొంత మనిషి చవక, మధ్యలో ఉన్నవాళ్లకు అది పోస్టుల స్వభావాన్ని బట్టి ఉంటుంది.

జీఎస్టీ గురించి ఒక మాట. సాఫ్ట్‌వేర్ కంపెనీకో ఫ్యాక్టరీకో ఆ 9,000 ఇన్‌పుట్ క్రెడిట్‌గా (తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) వెనక్కి వస్తుంది. వైద్యం, చదువు సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆసుపత్రికీ స్కూలుకీ ఆ క్రెడిట్ రాదు. వాళ్లకు ఫీజు నిజంగానే 18 శాతం ఎక్కువ పడుతుంది. నర్సుల కోసం, టీచర్ల కోసం కన్సల్టెన్సీల వెంట పడేవాళ్లు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

కన్సల్టెన్సీ డబ్బుకు తగ్గ పని చేసేది మూడు సందర్భాల్లో. ఇప్పుడున్న మేనేజరుని మార్చాలి, విషయం బయటికి పొక్కకూడదు. మీ రంగంలో ఆ నైపుణ్యం ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద కొద్దిమందే, వాళ్లు ఉద్యోగాలు వెతుక్కోవడం లేదు. లేదా నెల రోజుల్లో పాతిక మంది కావాలి, ఆ నెల తర్వాత ఎవరూ అక్కర్లేదు. ఇవి కాకుండా మామూలు అకౌంటెంటు, సపోర్టు ఉద్యోగం, ఫ్రెషర్లు అయితే చాలామంది కన్సల్టెంట్లు చేసేది నౌకరీ అనే జాబ్ పోర్టల్ డేటాబేస్‌లో వెతికి రెజ్యూమెలు పంపడమే. ఆ చందా మీరే కట్టుకోవచ్చు.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు రీప్లేస్‌మెంట్ షరతు చదవండి. మామూలుగా 60 నుంచి 90 రోజులు ఇస్తారు. ఆ గడువులో మనిషి మానేస్తే ఇంకొకరిని చూపిస్తారు, డబ్బు తిరిగివ్వరు. ఇంకొకరు దొరక్కపోతే ఎన్ని రోజుల్లో ఫీజు వెనక్కి ఇస్తారో రాయించుకోండి. ఫీజు ఆఫర్ లెటర్ రోజు కాకుండా, చేరిన 30 రోజుల తర్వాత కట్టేలా అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఒకే రెజ్యూమె ఇద్దరు కన్సల్టెంట్ల నుంచి వస్తే ఎవరిదని లెక్క? ముందు పంపినవాళ్లదని, ఆ హక్కు ఆరు నెలలే ఉంటుందని స్పష్టంగా ఉండాలి. మీ ఉద్యోగుల్ని మరో క్లయింటుకు పంపకూడదన్న షరతు కూడా ఉండాలి.

వాళ్లను అడగాల్సిన ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది: ‘పోయినేడు మీరు పంపినవాళ్లలో ఎంతమంది ఇప్పటికీ అక్కడే ఉన్నారు?’ దీనికి అంకెతో జవాబు చెప్పేవాళ్లు తక్కువ. చెప్పగలిగినవాళ్లకు రెండు శాతం ఎక్కువిచ్చినా నష్టం లేదు.

అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకునే కన్సల్టెన్సీతో ఏ సంబంధమూ పెట్టుకోకండి. ‘బ్యాక్‌డోర్ జాబ్’ అంటూ పిల్లల దగ్గర లక్షలు గుంజి, లేని అనుభవానికి సర్టిఫికెట్లు సృష్టించే వ్యాపారం మన దగ్గర ఎంతకాలంగా నడుస్తోందో అందరికీ తెలుసు. పొలం తాకట్టు పెట్టి కట్టిన డబ్బులు అవి. మీ కంపెనీ పేరు వాళ్ల వాట్సాప్ ప్రకటనల్లోకి ఎక్కిందంటే మీరూ అందులో భాగమైనట్టే. అనుభవం నిజమో కాదో తేలాలంటే అభ్యర్థినే తన పీఎఫ్ సర్వీసు హిస్టరీ చూపించమనండి. ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉన్నారో అందులో కనిపిస్తుంది.

థర్డ్ పార్టీ పేరోల్

ఇక్కడ మనిషి మీ దగ్గర పనిచేస్తారు, జీతం ఏజెన్సీ ఇస్తుంది. సీజన్‌లో ప్యాకింగ్, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, ఆరు నెలల ప్రాజెక్టు, వీటికి ఇది సరైన దారి. కానీ చాలామంది దీన్ని చట్టం నుంచి తప్పించుకునే దారి అనుకుంటారు. ఏజెన్సీ జీతం ఎగ్గొట్టినా, పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టకపోయినా చివరికి బాధ్యత పని చేయించుకున్న యజమాని మీదే పడుతుంది. ఏజెన్సీ బిల్లుతోపాటు గత నెల పీఎఫ్ చలానా, అందులో మీ దగ్గర పనిచేసేవాళ్ల పేర్లు జతచేస్తేనే డబ్బు విడుదల చేయాలి. ఇంకొకటి, జీఎస్టీ ఏజెన్సీ కమిషన్ మీద ఒక్కదాని మీదే కాదు, జీతంతో సహా మొత్తం బిల్లు మీద పడుతుంది. క్రెడిట్ రాని సంస్థలకు ఇది మోయలేని బరువు.

ఏళ్ల తరబడి ఉండే పనికి, మీ వ్యాపారానికి గుండెకాయ లాంటి పనికి థర్డ్ పార్టీ వద్దు. పక్కపక్కన ఒకే పని చేస్తూ ఒకరికి కంపెనీ ఐడీ కార్డు, ఇంకొకరికి ఏజెన్సీ కార్డు ఉంటే, ఆ రెండో మనిషి మీ కంపెనీ కోసం మనసు పెట్టి పనిచేయాలని ఆశించడం న్యాయం కాదు.

పరిచయాల దారి

మనవాళ్లు ఉద్యోగాలకు మనుషుల్ని తెచ్చుకునేది ఇప్పటికీ ఎక్కువగా తెలిసినవాళ్ల ద్వారానే. ‘మా బావమరిది క్లాస్‌మేట్ ఒకడున్నాడు సార్, మంచివాడు’ అన్న మాటతో మొదలయ్యే నియామకాలు ఎన్నో. ఖర్చు తక్కువ, నమ్మకం ఎక్కువ, పంపినవాళ్లకు మాట పోకూడదన్న పట్టింపు ఉంటుంది. రెఫరల్ బోనస్ ఇస్తే సగం చేరినప్పుడు, సగం ఆరు నెలలు నిండాక ఇవ్వండి. అప్పుడు పంపినవాళ్లే కొత్తవాళ్ల బాగోగులు చూసుకుంటారు.

దీనిలో చిక్కు కూడా ఉంది. ఒకే కాలేజీ, ఒకే ఊరు, ఒకే కులం వాళ్లతో ఆఫీసు నిండిపోతుంది. మిగతావాళ్లకు అది పరాయి చోటులా అనిపిస్తుంది. ఒకరు పోటీ కంపెనీకి మారితే వారం తిరక్కుండా మరో ముగ్గురు రాజీనామా పెడతారు. నేనైతే మొత్తం నియామకాల్లో సగానికి మించి రెఫరల్స్ ఉండకూడదంటాను. రెఫరల్‌లో వచ్చినవాళ్లకు ఇంటర్వ్యూ అందరికంటే తేలిగ్గా ఉండకూడదు, పంపిన మనిషి ఆ ఇంటర్వ్యూలో కూర్చోకూడదు.

ఉద్యోగాల విషయంలో దూరపు పరిచయాల బలం గురించి అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే రాశారు. దగ్గరివాళ్లకు తెలిసినవాళ్లు మనకూ తెలిసే ఉంటారు, కొత్త మనుషులు, కొత్త సమాచారం వచ్చేది అప్పుడప్పుడు కలిసేవాళ్ల నుంచే. రెండు కోట్ల మందికి పైగా లింక్డ్‌ఇన్ సభ్యుల మీద జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలోనూ, ఉద్యోగం మారడానికి ఎక్కువ ఉపయోగపడింది మరీ దగ్గరా కాని, మరీ దూరమూ కాని పరిచయాలేనని తేలింది. చిన్న కంపెనీ యజమానికి దీని అర్థం: సొంత వాట్సాప్ గ్రూపు బయటికి అడుగుపెట్టాలి.

ఎక్కడికి? లింక్డ్‌ఇన్ సాఫ్ట్‌వేర్, ఫైనాన్స్, మేనేజర్ పోస్టులకు బాగా పనికొస్తుంది. వెల్డరు, ఎలక్ట్రీషియన్, ల్యాబ్ టెక్నీషియన్ల కోసం అక్కడ వెతకడం వృథా, ఊళ్లోని ఐటీఐ ప్రిన్సిపాల్‌ని కలిస్తే ఒక్క పూటలో పని జరుగుతుంది. తెలంగాణలో ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఫ్రెషర్లకు శిక్షణ ఇస్తాయి, జాబ్ మేళాలు పెట్టిస్తాయి. అక్కడ దొరికే పిల్లల్లో చురుకుదనానికి లోటుండదు, ఇంగ్లిష్ మాట్లాడే ధైర్యం మాత్రం తక్కువ. ఆ ఒక్క కారణంతో వాళ్లను వదులుకోకండి. స్టార్టప్ అయితే హైదరాబాద్‌లో టీ-హబ్, మహిళా పారిశ్రామికవేత్తలకు వీ హబ్ ఉన్నాయి. వ్యాపారులు వారం వారం కలిసే బీఎన్‌ఐ లాంటి బృందాలూ ఉన్నాయి. బీఎన్‌ఐ 1985లో అమెరికాలో మొదలై ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తోంది. ఒక్కో చాప్టర్‌లో ఒక్కో వృత్తికి ఒక్కరే ఉంటారు. అవి క్లయింట్లను తెచ్చుకోవడానికి. ఉద్యోగుల కోసం అందులో చేరితే సమయం, డబ్బు రెండూ ఖర్చే.

మీరు హెచ్‌ఆర్ వృత్తిలో ఉన్నవాళ్లయితే నేషనల్ హెచ్‌ఆర్‌డీ నెట్‌వర్క్ హైదరాబాద్ చాప్టర్ సమావేశాలకు వెళ్లండి. మన దేశంలో హెచ్‌ఆర్‌డీ విభాగం అనేదానికి 1975లో లార్సెన్ అండ్ టుబ్రోలో రూపం ఇచ్చిన ఇద్దరిలో ఒకరైన టి.వి.రావు గారు ఈ సంస్థ స్థాపనలోనూ ముందున్నారు, ఇంకొకరు ఉదయ్ పారీక్. ఫ్యాక్టరీ వైపు, కార్మిక సంబంధాల వైపు పనిచేసేవాళ్లకు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పర్సనల్ మేనేజ్‌మెంట్ ఎక్కువ ఉపయోగం. కొత్త కోడ్‌లను పక్క కంపెనీలో ఎలా అమలు చేస్తున్నారో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఒంటరిగా హెచ్‌ఆర్ నడిపేవాళ్లకు ఫోన్ చేసి అడగడానికి నలుగురు ఉండటం ఎంత ధైర్యమో చెప్పలేను.

వచ్చినవాళ్లు కుదురుకోవడం

ఆన్‌బోర్డింగ్ అంటే చాలాచోట్ల ఒక పూట ఇండక్షన్, పది సంతకాలు, ఒక టీ-షర్టు. కొన్ని కన్సల్టెన్సీలు ఈ ఇండక్షన్ కూడా ప్యాకేజీగా అమ్ముతాయి. కొనకండి. కోడలు ఇంటికొచ్చిన రోజున పలకరించాల్సింది ఆ ఇంటివాళ్లు, ఫంక్షన్ హాల్ మేనేజర్ కాదు.

ఈ పని ఆఫర్ ఇచ్చిన రోజునే మొదలుపెట్టాలి. ఐటీలో నోటీసు గడువు 60, 90 రోజులు. ఆ మూడు నెలలూ అభ్యర్థికి వేరే ఆఫర్లు వస్తూనే ఉంటాయి. మీ వైపు నుంచి చేరడానికి ముందురోజు ‘వస్తున్నారు కదా?’ అన్న ఫోన్ ఒక్కటే వెళితే రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. రెండు వారాలకోసారి హెచ్‌ఆర్ కాదు, కాబోయే మేనేజరే మాట్లాడాలి. ఏ పని ఇవ్వబోతున్నారో, పక్కన ఎవరుంటారో చెప్పాలి. ఒకరోజు టీమ్‌తో భోజనానికి పిలవాలి.

శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో మొదటిసారి హైదరాబాద్ వచ్చే పిల్లలకు మొదటి జీతం అందేదాకా చేతిలో ఏమీ ఉండదు. హాస్టల్ అడ్వాన్సు, బస్ పాసు, భోజనం అన్నీ ఇంటి నుంచే తెచ్చుకోవాలి. నెలాఖరులో చేరితే ‘పేరోల్ మూసేశాం, ఈ వారం జీతం వచ్చే నెలలో కలిపిస్తాం’ అంటారు. అంటే నెల దాటి ఇంకో వారం. ఆ వారం జీతం విడిగా వేయడానికి అకౌంటెంటుకు పట్టేది పది నిమిషాలు. అడ్వాన్సు అడగడానికి కొత్తవాళ్లకు మొహమాటం, కాబట్టి మీరే అడగండి. ఎక్కడ ఉంటున్నారో, ఆఫీసుకు ఎలా వస్తారో కనుక్కోండి.

కాగితాల దగ్గర మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే, పాన్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. 2025 ఆగస్టు 1 నుంచి కొత్త యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి ఆధార్‌తో తీసుకోవాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే వచ్చేస్తుంది, తర్వాత బ్యాంకు ఖాతాతో, పాన్‌తో కలవదు. ఈ సవరణలు చేరడానికి నెల ముందే చేయించమని చెప్పండి. అంతకుముందు ఉద్యోగం చేసినవాళ్లకు పాత యూఏఎన్ ఉండగా రెండోది తీయకూడదు. పాత కంపెనీవాళ్లు మానేసిన తేదీ నమోదు చేశారో లేదో కూడా చూసుకోమనండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం దగ్గర పెట్టుకోకండి. కాలేజీల్లో, ఆసుపత్రుల్లో ఈ అలవాటు ఇంకా ఉంది. చూసి, జిరాక్స్ తీసుకుని, అప్పుడే వెనక్కివ్వాలి. సర్టిఫికెట్ల కోసం ఆగిపోయిన మనిషి పనిలో ఉన్నా మనసు ఉండదు, నేర్చుకున్నవాళ్లను అలా కట్టిపడేయడం తప్పు కూడా.

మొదటి రోజు ల్యాప్‌టాప్, మెయిల్ ఐడీ, కుర్చీ సిద్ధంగా ఉండాలని అందరూ రాస్తారు, ఉండాలి. మేనేజరు ఆ రోజు సెలవులో ఉండకూడదు. మధ్యాహ్నం ఎవరితో కలిసి తినాలో ముందే అనుకోవాలి. కొత్త ఆఫీసులో ఒంటరిగా డబ్బా తెరిచిన రోజు ఎవరూ మరిచిపోరు.

మొదటి వారంలోనే పూర్తిచేయగలిగిన చిన్న పని ఒకటి ఇవ్వండి. వారం రోజులు పాలసీలు చదివిస్తే మనిషి తాను ఎందుకూ పనికిరానేమోనన్న అనుమానంలో పడతారు. తోడుగా ఒక బడ్డీని పెట్టండి, మేనేజరు కాకూడదు, దాదాపు అదే వయసు, అదే హోదా ఉన్నవాళ్లయితే మంచిది. మొదటి నెలలో మీటింగుల్లో ప్రశ్నలు తెలుగులో అడగవచ్చని గట్టిగా చెప్పండి. జిల్లాల నుంచి వచ్చిన ఎందరో తెలివైన పిల్లలు ఇంగ్లిష్ తడబడుతుందన్న భయంతో అర్థంకాని విషయాన్ని అర్థమైనట్టు తలూపుతారు. ఆ మౌనాన్ని మేనేజర్లు చేతకానితనం అనుకుంటారు. ఇలా పోగొట్టుకున్న మనుషులే చాలామంది.

ముప్పై, అరవై, తొంభై రోజుల దగ్గర అరగంట చొప్పున కూర్చోండి. ఇంటర్వ్యూలో చెప్పిన పని, చేస్తున్న పని ఒకటేనా? ఎవరిని అడగాలో తెలియక ఆగిపోయిన సందర్భం ఏది? ఇంట్లోవాళ్లకు ఈ ఉద్యోగం గురించి ఏం చెబుతున్నారు? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబులో మనిషి ఉంటారో పోతారో దాదాపు తెలిసిపోతుంది.

ఫ్యాక్టరీల్లో మొదటి రోజు ప్రాణాలతో ముడిపడిన విషయం. 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో చనిపోయినవాళ్లలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి పని కోసం వచ్చినవాళ్లు. ఏ కంపెనీ అయినా సరే, భద్రత శిక్షణ మనిషికి అర్థమయ్యే భాషలో, హిందీ అయితే హిందీలో, ఒడియా అయితే ఒడియాలో, మెషీన్ దగ్గర నిలబెట్టి ఇవ్వాలి. కాగితం మీద సంతకం తీసుకుంటే శిక్షణ అయిపోయినట్టు కాదు. ఏజెన్సీ కార్డు ఉన్నవాళ్లకూ అదే శిక్షణ, మీ సూపర్‌వైజరే ఇవ్వాలి.

మనుషుల్ని నిలుపుకున్నందుకు ఇప్పుడు ప్రభుత్వం డబ్బు కూడా ఇస్తోంది. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య అదనంగా తీసుకున్న ప్రతి ఉద్యోగికీ, ఆరు నెలలు ఉంటే, యజమానికి నెలకు 3,000 దాకా రెండేళ్లపాటు వస్తుంది. జీతం లక్ష లోపు ఉండాలి. యాభై మంది లోపు కంపెనీ కనీసం ఇద్దరిని, అంతకంటే పెద్దది ఐదుగురిని అదనంగా తీసుకోవాలి. మొదటిసారి పీఎఫ్‌లోకి వచ్చే ఉద్యోగికి రెండు విడతల్లో 15,000 దాకా ఇస్తారు. మొదటి విడత ఆరు నెలలకు, రెండోది ఏడాదికి. చేరినప్పుడే ఈ సంగతి వాళ్లకు చెప్పండి.

మీకు ఏది?

ఇరవై మంది లోపు కంపెనీ: కంప్లయన్స్ కన్సల్టెంటు, రెఫరల్స్, ఒక జాబ్ పోర్టల్. కొత్తవాళ్ల బాధ్యత యజమానే తీసుకోవాలి. ఇరవై నుంచి యాభై మధ్య ఉంటే మొదటి హెచ్‌ఆర్ మనిషిని తీసుకునే సమయం. ఆ మనిషిని పేరోల్ కోసం తీసుకోకండి, అది కన్సల్టెంటు దగ్గరే ఉండనివ్వండి. ఇంటర్వ్యూలు నడపడం, చేరినవాళ్లతో తొంభై రోజులు నడవడం ఆ మనిషి పని. పది రిజిస్టర్లు తెలిసిన మనిషి కంటే, కొత్తవాళ్లు భయం లేకుండా మాట్లాడగలిగిన మనిషిని ఎంచుకోండి. సీనియర్ పోస్టులకు మాత్రం కన్సల్టెన్సీ.

యాభై దాటాక పాలసీ పుస్తకం, జీతాల గ్రేడ్లు, మేనేజర్లకు శిక్షణ కావాలి. వీటికి అనుభవమున్న హెచ్‌ఆర్ కన్సల్టెంటుని మూడు నెలల ప్రాజెక్టు మీద తెచ్చుకోండి. రిటైనర్ మీద (నెలనెలా ఫీజు కట్టే పద్ధతిలో) ఏళ్ల తరబడి పెట్టుకోకండి. ప్రాజెక్టు ముగిసేలోగా ఆ పత్రాలన్నీ మీ హెచ్‌ఆర్ మనిషి చేత తిరగరాయించాలన్న షరతు పెట్టండి, లేదంటే ఆయన వెళ్లాక వాటిని తెరిచి చూసేవాళ్లుండరు. వేరే కంపెనీకి రాసిన పాలసీలో పేరు మార్చి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మొదటి డ్రాఫ్టులో సెలవుల పేజీ చూస్తే ఇది దొరికిపోతుంది. సంక్రాంతికి, బతుకమ్మకు మీ మనుషులు ఊళ్లకు వెళతారన్న సంగతి అందులో లేకపోతే ఆ డ్రాఫ్టు వెనక్కి పంపండి.